కొత్తగా కొన్న పాత ఎంజీబీ: ముందు ఆగాలి, తర్వాతే పరుగు

కొన్న నెల తిరక్కుండానే సీట్లు, కార్పెట్లు, డాష్‌బోర్డు, ఇంజిన్ అన్నీ విప్పి డబ్బాల్లో సర్దేసిన ఎంజీబీలు, అంటే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు, మళ్లీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. వాటిలో చాలా కార్లను అసలు విప్పాల్సిన పనే లేదు. నడుస్తున్న కారును నడుపుకుంటూనే బాగుచేసుకోవచ్చు. అలా చేస్తే ఏ పని వల్ల ఏం మారిందో తెలుస్తుంది, పని మధ్యలో ఆగినా కారు కారుగానే ఉంటుంది. దానికి కావాల్సింది ఒక వరుస. తుప్పు చూసుకున్నాక ముందు బ్రేకులు, చక్రాలు. తర్వాత పెట్రోలు కారకుండా చూడటం. ఆపైన వైరింగు, ట్యూనింగు. అప్‌గ్రేడ్లు అన్నిటికంటే ఆఖరున.

ఎంజీబీనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1798 సీసీ బీ-సిరీస్ ఇంజిన్ సాదాసీదాది, చేత్తో సర్దుకోగలిగినది. విడిభాగాలు దాదాపు అన్నీ ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, మొత్తం బాడీ షెల్‌తో సహా. మిడ్జెట్, ట్రయంఫ్ లాంటి ఆ కాలపు ఇతర బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకూ ఇదే వరుస పనికొస్తుంది, కొలతలు మాత్రం వాటి మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఏ కారు కొన్నారో ముందు తేల్చుకోండి

బానెట్ కింద ఉన్న ప్లేటు మీది నంబరు రాసుకోండి. జీహెచ్‌ఎన్ అంటే రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేనిది), జీహెచ్‌డీ అంటే జీటీ (గట్టి పైకప్పు ఉన్నది). పక్కన 3 ఉంటే 1967 వరకు వచ్చిన కారు, 4 ఉంటే ఆ తర్వాతి మార్క్ 2, 5 ఉంటే 1969 చివర్నుంచి వచ్చినవి. ఇంజిన్ నంబరు వేరే చూడండి. 18జీ, 18జీఏ అయితే క్రాంక్‌కు మూడే మెయిన్ బేరింగులు, 1964 చివర్లో వచ్చిన 18జీబీ నుంచి ఐదు. ఇన్నేళ్లలో ఇంజిన్ మారిపోయిన కార్లు కోకొల్లలు. అందుకే పార్టులు తెప్పించేటప్పుడు కారు తయారైన సంవత్సరాన్ని కాకుండా ఇంజిన్ మీది అక్షరాలనే నమ్మాలి.

తర్వాత చూడాల్సింది బ్యాటరీ ఎర్తు. 1967 దాకా వచ్చిన కార్లలో డైనమో ఉండేది, బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి వెళ్లేది. మార్క్ 2 నుంచి ఆల్టర్నేటర్, మైనస్ ఎర్తు. పాత కార్లలో కొన్నింటిని మధ్యలో ఎవరో మార్చి ఉంటారు, కొన్నింటిని మార్చలేదు. సీట్ల వెనక మూత తీసి ఏ టెర్మినల్ బాడీకి పోతోందో కళ్లారా చూశాకే ఛార్జరైనా, జంప్ కేబులైనా తగిలించండి. తిరగేసి పెడితే ఆల్టర్నేటర్ డయోడ్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే దాని మాడ్యూలు క్షణంలో పోతాయి. అక్కడే రెండు 6 వోల్టుల బ్యాటరీలు కనిపిస్తే కంగారు పడొద్దు, 1974 దాకా వచ్చింది అలాగే. వాటిని మోసే ఇనుప తొట్లు మాత్రం యాసిడ్‌కూ తడికీ తినేసి ఉంటాయి, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి.

పనిముట్ల సంగతి. ఈ కారు మరలు ఎక్కువ భాగం యూఎన్‌ఎఫ్, అంటే అంగుళాల కొలతవి. 7/16, 1/2, 9/16, 5/8, 3/4 అంగుళాల ఏఎఫ్ (నట్టు ఎదురెదురు పలకల మధ్య కొలత) పానాలు, సాకెట్లు కావాలి. మెట్రిక్ 13 పానా అర అంగుళం నట్టుకు పట్టినట్టే అనిపిస్తుంది, కానీ వదులు. బిగుసుకున్న నట్టు మీద వాడితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఫీలర్ గేజి, మల్టీమీటర్, టైమింగ్ లైట్, టార్క్ రెంచి, నాలుగు గట్టి స్టాండ్లు ఉంటే మొదటి ఏడాది పనంతా గడిచిపోతుంది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద తల పెట్టొద్దు.

తుప్పు: తలుపు సందు చెప్పే నిజం

పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో కారు బరువును మోసేవి సిల్లులే, అంటే తలుపుల కింద రెండు పక్కలా సాగే భాగాలే. బయటికి కనిపించే రేకు వెనక మధ్య పొర, లోపలి సిల్లు, అడుగున క్యాజిల్ రైలు అనే పెట్టె కలిసి ఒక దూలంలా పనిచేస్తాయి. బయటి రేకు మీద కొత్త రేకు అతికించి రంగు వేసిన కార్లు బోలెడు, లోపలి మూడూ కుళ్లిపోయి ఉన్నా పైకి నున్నగానే ఉంటాయి.

పరీక్ష తేలిక. తలుపు మూసి వెనక అంచు సందును గమనించండి. సిల్లు కింది జాకింగ్ పాయింట్ దగ్గర జాకీ పెట్టి చక్రం నేల వదిలే దాకా లేపండి. సందు మారకూడదు, తలుపు మామూలుగానే తెరుచుకోవాలి. సందు మూసుకుపోయినా, తలుపు పట్టేసినా, జాకింగ్ పాయింటే లోపలికి దిగినా అది వెల్డింగ్ పని. అది అయ్యేదాకా మిగతా ఖర్చులన్నీ ఆపేయండి. ఆ వెల్డింగ్ చేయించేటప్పుడు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప బ్రేసు కట్టకుండా సిల్లు కోయనివ్వకూడదు. కోసిన క్షణంలో బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత తలుపు ఎన్నటికీ సరిగ్గా కూర్చోదు.

మిగతా చోట్లు: ముందు చక్రాల వెనక మట్టి పేరుకునే మూల, వెనక కమాన్ కట్టల ముందు చివర బిగించే చోటు, ముందు సీట్ల పాదాల దగ్గర ఫ్లోరు. ఫ్లోరు తడిగా ఉంటే తప్పు టాపుదే అనుకోకండి. అద్దం ముందున్న జల్లెడలోంచి పడే వాన నీళ్లు కిందికి పోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఆకులతో, మట్టితో పూడిపోతే నీళ్లు హీటర్ మీదుగా లోపలికి వస్తాయి. కింద నుంచి ఆ గొట్టం చివర నలిపి శుభ్రం చేస్తే చాలాసార్లు అక్కడితో సరి.

బ్రేకులు

కారు ఏళ్ల తరబడి నిలిచి ఉంటే బ్రేకు ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుని ఉంటుంది. ఆ నీరే కాలిపర్ పిస్టన్లను, వెనక వీల్ సిలిండర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. తొలి కార్లలో బ్రేకు సర్క్యూట్ ఒక్కటే. ఎక్కడ ఒక్క చుక్క కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. ఈ ఒక్క కారణం చాలు, పెడల్ "బాగానే ఉంది" అనిపించినా వ్యవస్థ మొత్తం తెరిచి చూడటానికి.

రబ్బరు గొట్టాలు మూడు. ముందు చక్రాలకు చెరొకటి, బాడీ నుంచి వెనక యాక్సిల్‌కు ఒకటి. యాక్సిల్ మీదిది కంటికి ఆనదు కాబట్టి ముందు రెండూ మార్చి దాన్ని మరిచిపోతుంటారు. పాత గొట్టం బయటికి బాగున్నా లోపల ఉబ్బి వాల్వులా పనిచేస్తుంది: పెడల్ తొక్కినప్పుడు ఒత్తిడిని పోనిస్తుంది, వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు. చక్రం పట్టేసి వేడెక్కుతుంది.

అలా ఒక ముందు చక్రం పట్టేస్తే కాలిపర్ కొనే ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చు. చక్రం పైకి లేపి పెడల్ తొక్కి వదలండి. చక్రం తిరగకపోతే ఆ కాలిపర్ బ్లీడ్ నిపుల్ కొంచెం తెరవండి. అప్పటికీ తిరగకపోతే పిస్టన్లు తుప్పుతో బిగుసుకున్నట్టు. తిరిగితే ఒత్తిడి లోపల చిక్కుకుపోయిందన్నమాట, అది గొట్టం కావచ్చు, మాస్టర్ సిలిండర్ కావచ్చు. మళ్లీ తొక్కి వదిలి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేయండి. చక్రం తిరిగితే మాస్టర్‌ది తప్పు, ఎక్కువసార్లు పుష్‌రాడ్‌కు కొద్దిపాటి ఖాళీ కూడా లేకపోవడం వల్ల. తిరక్కపోతే గొట్టానిదే.

బిగుసుకున్న పిస్టన్లకు స్టెయిన్‌లెస్ స్టీలువి, కొత్త సీళ్లతో వేసుకోవడం మంచిది. కాలిపర్ రెండు సగాలను కలిపే బోల్టులను మాత్రం విప్పకండి, పిస్టన్లు బయటికి తీయడానికి ఆ అవసరం లేదు. వెనక వీల్ సిలిండర్లను బాగుచేయడం కంటే కొత్తవి వేయడమే నయం. డ్రమ్ము లోపల ఆయిల్ తడి కనిపిస్తే వాసన, చేతికి తగిలే తీరు చూడండి. చిక్కగా గేరాయిల్ వాసన వస్తే అది హాఫ్‌షాఫ్ట్ సీలు నుంచి వస్తోంది, పల్చగా ఉంటే బ్రేకు ఆయిల్. ఏదైనా సరే, నానిన షూలు మళ్లీ వాడకూడదు.

వెనక షూల సర్దుబాటుకు బ్యాక్‌ప్లేటు మీద నాలుగు పలకల తల ఉన్న అడ్జస్టర్ చెరొకటి ఉంటుంది. చక్రం పట్టేదాకా కుడివైపు తిప్పి, స్వేచ్ఛగా తిరిగేదాకా ఒక్కో క్లిక్ వెనక్కి వదలాలి. హ్యాండ్‌బ్రేకు చాలడం లేదని కేబుల్ బిగించేది ఈ సర్దుబాటు అయ్యాకే. ముందే బిగిస్తే షూలు పూర్తిగా వెనక్కి రాక డ్రమ్ము వేడెక్కుతుంది.

ఆయిల్ డాట్ 4. డబ్బా కొత్తగా తెరిచిందే వాడండి. ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్‌ను డాట్ 4తో కలపకూడదు. పాత యజమాని ఏది పోశాడో తెలియకపోతే మొత్తం కడిగి, సీళ్లు మార్చి ఒక్కదానికే కట్టుబడండి. ఆయిల్ రంగు మీద పడితే వెంటనే నీళ్లు కుమ్మరించండి, తుడవకండి.

క్లచ్‌కూ అదే ఆయిల్, దానికి వేరే మాస్టర్ సిలిండర్ ఉంటుంది. గేరు గరగరమంటూ పడితే క్లచ్ ప్లేటును అనుమానించే ముందు పెడల్‌ను పుష్‌రాడ్‌కు కలిపే పిన్ను చూడండి. ఆ పిన్ను సగం అరిగి, పెడల్‌లో రంధ్రం కోలగా మారితే పెడల్ పూర్తిగా తొక్కినా సిలిండర్ పూర్తిగా కదలదు. చిన్న పిన్నుతో పోయే దానికి ఇంజిన్ దించిన వాళ్లున్నారు.

చక్రాలు, ముందు భాగం

టైరు పక్కన కోలాకారంలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కు ముందుది. పట్టు ఎంతున్నా పదేళ్లు దాటినవి తీసేయండి.

వైర్ వీల్స్ (పుల్లల చక్రాలు) అయితే స్ప్లైన్లు, అంటే చక్రాన్ని హబ్బుతో పట్టి తిప్పే పళ్లు చూడాలి. చక్రం లేపి ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రాన్ని ముందుకూ వెనక్కీ తిప్పాలి. టక్‌మని కదిలితే స్ప్లైన్లు అరిగాయి. హబ్, చక్రం రెండూ చూడాలి, ఎందుకంటే అరిగిన హబ్బు మీద కొత్త చక్రం వేస్తే అదీ త్వరగా అరుగుతుంది. స్పిన్నర్ (చక్రం మధ్యలోని ఒంటి నట్టు) ఎడమ పక్క కుడివైపు తిప్పితే, కుడి పక్క ఎడమవైపు తిప్పితే బిగుసుకోవాలి. ఎప్పుడో హబ్బులు పక్కలు మారి ఉంటే ప్రయాణంలో చక్రం తనంతట తానే ఊడుతుంది. స్ప్లైన్లకు గ్రీజు పలుచగా రాయండి. ట్యూబు ఉన్న టైర్లయితే లోపల పుల్లల చివరలను కప్పే పట్టీ సరిగ్గా ఉందో లేదో కూడా చూడాలి.

కింగ్‌పిన్‌కు, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసుకు, ఒక్కో పక్క మూడు గ్రీజు నిపుళ్లు. ప్రతి 5,000 కిలోమీటర్లకు గ్రీజు కొట్టాలి, చక్రం నేల మీద నుంచి లేపే కొట్టాలి. బరువు మోస్తున్నప్పుడు గ్రీజు అవసరమైన చోటికి చేరదు. ఈ కార్ల ముందు భాగం అరిగిపోవడానికి ముఖ్య కారణం ఈ నిపుళ్లను మరిచిపోవడమే.

ముందు హబ్ బేరింగులు విప్పితే ఒక జాగ్రత్త. ఇక్కడ బేరింగుల మధ్య ఒక స్పేసరు, కొన్ని పల్చటి షిమ్‌లు ఉంటాయి. చాలా కార్లలోలా నట్టు బిగించి కొంచెం వదలడం ఇక్కడ కుదరదు. నట్టు పూర్తి టార్కుతో, 40 నుంచి 70 పౌండ్-అడుగుల మధ్య బిగించాక కూడా 2 నుంచి 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) కదలిక మిగలాలి. ఆ కదలికను షిమ్‌లు కలిపీ తీసీ తెచ్చుకోవాలి. స్పేసరు లేకుండా బిగించిన కార్లలో స్టబ్ యాక్సిల్ వంగుతూ చివరికి విరుగుతుంది. పాత షిమ్‌లను పారేయకండి, ఏ పక్కవి ఆ పక్కకే విడిగా ఉంచండి.

పెట్రోలు

ఈ కారులో ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు రెండూ ఎగ్జాస్టూ ఒకే పక్క, ఎడమ వైపు ఉంటాయి. కార్బురేటర్ నుంచి కారిన చుక్క నేరుగా వేడి గొట్టాల వైపే పోతుంది. కాబట్టి ఇంజిన్ స్టార్ట్ చేసే ముందే రబ్బరు పైపులన్నీ మార్చండి, ఫ్లోట్ గిన్నెల నుంచి వచ్చే పొంగు గొట్టాలు కిందిదాకా ఉన్నాయో లేదో చూడండి. ఇప్పటి పెట్రోలులోని ఇథనాల్ పాత రబ్బరును లోపలి నుంచి మెత్తబరుస్తుంది. ఆ నల్లటి రజనే తర్వాత నీడిల్ వాల్వులో ఇరుక్కుని గిన్నె పొంగేలా చేస్తుంది. జే30ఆర్9 అని ముద్ర ఉన్న పైపు కొనండి, ముద్ర లేనిది ఎంత కొత్తదైనా వద్దు. ప్లాస్టిక్ ఫిల్టర్‌ను ఎగ్జాస్ట్ మీద వేలాడదీయకండి. వెనక పంపు దగ్గర పెట్టుకుంటే చాలు.

ట్యాంకులో పాత పెట్రోలు రంగు నూనె వాసన వస్తుంటే పూర్తిగా పారబోయండి. తర్వాత తాళం తిప్పగానే వెనక నుంచి ఎస్‌యూ పంపు టకటకలాడటం వినిపిస్తుంది, కాసేపట్లో నెమ్మదించి ఆగిపోవాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే మూడు కారణాలు: ట్యాంకు ఖాళీ, పంపుకు ముందు ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఒక ఫ్లోట్ గిన్నె పొంగుతోంది. అసలు చప్పుడే లేకపోతే పంపు దాకా 12 వోల్టులు వస్తున్నాయో, ఎర్త్ ఉందో చూడండి. ఆ రెండూ ఉంటే పంపులోని పాయింట్లు మాడిపోయి ఉంటాయి. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పట్టి చూస్తే నిమిషానికి కనీసం అర లీటరు రావాలి. మంటలార్పే సిలిండర్ చేతికి అందేలా ఉంచుకునే ఈ పని చేయండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజినాయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. కారును నాలుగో గేరులో పెట్టి మెల్లగా ముందుకు తోస్తే ఇంజిన్ తిరుగుతుంది. పట్టినట్టు అనిపిస్తే బలవంతం చేయకండి. కొత్త ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ ఎక్కువగా ఉన్నది, ఫిల్టర్‌తో కలిపి దాదాపు 4.25 లీటర్లు. ఆయిల్ కూలర్ ఉంటే ఇంకొంచెం పడుతుంది, దాని రబ్బరు గొట్టాలు పాతవైతే మార్చేయాలి. అవి పగిలితే ఇంజిన్ నిమిషంలో ఎండిపోతుంది. ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌ను విడతలు విడతలుగా తిప్పి, గేజిలో ఆయిల్ ప్రెషర్ లేచాకే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. వేడెక్కాక నడుస్తుంటే 50 నుంచి 80 పీఎస్‌ఐ, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) 10 నుంచి 25 ఉంటే మంచిదే.

కంప్రెషన్ కొలిచేటప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే కొలవండి. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 10 శాతం లోపు ఉండాలి. తగ్గిన సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి కొలిస్తే పెరిగిందంటే రింగులు, పెరగలేదంటే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండూ కలిసి తగ్గితే హెడ్ గాస్కెట్.

రేడియేటర్ నీళ్లు మార్చేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ వెనక ఉన్న బ్లాకు కుళాయి కూడా విప్పండి. నీళ్లు రాకపోతే అక్కడ మడ్డి పేరుకుందని అర్థం, తీగతో గెలికితే గాని రావు. నాలుగో సిలిండర్ వేడెక్కేది ఆ మడ్డి వల్లే. థర్మోస్టాట్ 82 డిగ్రీలది వేయండి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసేయడం పాత అలవాటు, అది జబ్బును దాస్తుంది, తగ్గించదు.

గేరు బాక్సులోనూ 20డబ్ల్యూ-50 ఇంజినాయిలే పోయాలి. ఓవర్‌డ్రైవ్ (పై గేర్లలో ఇంజిన్ వేగం తగ్గించే అదనపు యూనిట్) ఉంటే ఈపీ 90 గేరాయిల్ అసలే వద్దు, అది వెనక యాక్సిల్‌కు. ఓవర్‌డ్రైవ్ పడకపోతే యూనిట్‌ను దించే ముందు ఆయిల్ మట్టం, సోలినాయిడ్ దగ్గర 12 వోల్టులు చూడండి. దాదాపు ఎప్పుడూ ఆ రెండిట్లో ఒకటే.

వైరింగు

ఈ కార్ల కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ వైర్ల రంగులు ఒకసారి గుర్తుపెట్టుకుంటే పని సగమవుతుంది. బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండేది. తెలుపు తాళం తిప్పాక వచ్చేది, ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక. ఊదా ఎప్పుడూ కరెంటు ఉండి ఫ్యూజు దాటినది. ఎరుపు సైడ్ లైట్లు, నీలం హెడ్‌లైట్లు, నలుపు ఎర్త్. వీటి మధ్య కొత్త రంగు వైరు కనిపిస్తే అది ఎవరో తర్వాత కలిపింది, ముందు దాని వెంటే వెళ్లి చూడండి.

ఈ కార్ల కరెంటు జబ్బుల్లో ఎక్కువ భాగం తుప్పుపట్టిన బుల్లెట్ కనెక్టర్లు, చెడిన ఎర్తులు. ఇంజిన్‌ను బాడీకి కలిపే మందపాటి ఎర్త్ పట్టీ గేరు బాక్సు దగ్గర, కొన్ని కార్లలో ఇంజిన్ మౌంటింగ్ దగ్గర ఉంటుంది. క్లచ్ మార్చినప్పుడు దాన్ని తిరిగి తగిలించడం మరిచిపోతుంటారు. అప్పుడు స్టార్టర్ కరెంటు దారి వెతుక్కుంటూ చోక్ కేబుల్ గుండా వస్తుంది, స్టార్ట్ చేసేటప్పుడు చోక్ పిడి చేతికి కాలుతుంది. చోక్ వేడెక్కిందంటే ఇంకెక్కడా చూడక్కర్లేదు.

ఫ్యూజుల్లో ఒక మోసం ఉంది. లూకాస్ 35 ఆంపియర్ల గాజు ఫ్యూజు మీది అంకె అది కాలిపోయే కరెంటు, నిరంతరం మోయగలిగేది అందులో సగమే, దాదాపు 17. అదే అంకె ఉన్న ఇతర రకం ఫ్యూజు వేస్తే అది 35ను నిరంతరం మోస్తుంది, ఈలోగా వైరు కరిగిపోతుంది. బ్రిటిష్ రేటింగు ఉన్నదే కొనండి.

ట్యూనింగు: కార్బురేటర్ ఎప్పుడూ ఆఖరు

కారు సరిగ్గా లాగకపోతే అందరి చేయీ ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. అది తప్పు వరుస. ట్యాపెట్లు, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగు సరయ్యాక కూడా తేడా ఉంటేనే దాన్ని ముట్టుకోవాలి.

ట్యాపెట్ క్లియరెన్స్ చల్లటి ఇంజిన్‌లో 15 థౌ, అంటే 0.38 మి.మీ. తొమ్మిది లెక్కతో చేస్తే పొరపాటు రాదు. ముందు నుంచి వాల్వులను 1 నుంచి 8 దాకా లెక్కపెట్టుకోండి. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుందో దాని అంకెను 9 నుంచి తీసేస్తే వచ్చిన అంకె వాల్వును సర్దాలి. 1 తెరుచుకుంటే 8, 3 తెరుచుకుంటే 6. రాకర్ మొన అరిగి గుంట పడి ఉంటే ఫీలర్ గేజి ఆ గుంటకు వంతెనలా నిలబడి తప్పు కొలత చూపుతుంది. చప్పుడు తగ్గలేదని ఇంకా బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. ట్యాపెట్ కొద్దిగా చప్పుడు చేస్తేనే మంచిది.

పాయింట్ల గ్యాపుకూ అదే 15 థౌ బ్లేడు సరిపోతుంది. ప్లగ్గుల గ్యాపు 25 థౌ, ఎన్‌జీకే బీపీ6ఈఎస్ ఈ ఇంజిన్‌కు నప్పుతుంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, రోటర్ ఎడమవైపు తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ వ్యాక్యూమ్ గొట్టం చివర నోటితో పీల్చి నాలుకతో మూస్తే వ్యాక్యూమ్ నిలవాలి. నిలవకపోతే లోపలి పొర చిరిగింది, మెల్లగా నడిపేటప్పుడు పెట్రోలు ఎక్కువ తాగేది అందుకే. టైమింగు మాన్యువల్‌లో మీ ఇంజిన్ అక్షరాలకు ఇచ్చిన అంకెకు పెట్టండి. ఆ తర్వాత వ్యాక్యూమ్ గొట్టం తీసి 4,000 ఆర్‌పీఎం దగ్గర లైటుతో చూస్తే మొత్తం అడ్వాన్స్ 32 డిగ్రీలు దాటకూడదు. డిస్ట్రిబ్యూటర్‌లోని స్ప్రింగులు సాగిపోయిన కార్లలో స్లోలో అంకె సరిగ్గానే ఉండి పైన దాటిపోతుంది, ఇంజిన్ కొట్టుకునేది అక్కడే.

ఇక ఎస్‌యూలు. ఇంజిన్ నడుస్తుండగా థ్రాటిల్ స్పిండిల్ రెండు చివరలా కార్బ్ క్లీనర్ కొద్దిగా చిమ్మండి. శబ్దం మారితే స్పిండిల్ అరిగి గాలి పీలుస్తోంది. అది బాగుచేయకుండా ఎంత సర్దినా నిలవదు. పైన డ్యాష్‌పాట్‌లో 20 గ్రేడ్ ఆయిల్ ఉండాలి. పిస్టన్‌ను వేలితో లేపి వదిలితే నింపాదిగా దిగి చివర టక్‌మని తగలాలి.

హెచ్‌ఎస్4 రకానికి అడుగున ఉన్న ఆరు పలకల నట్టు మిక్చర్‌ను, అంటే గాలిలో పెట్రోలు పాళ్లను నిర్ణయిస్తుంది. జెట్‌ను బ్రిడ్జితో (కార్బురేటర్ గొంతులోని గట్టుతో) సమంగా పైకి తెచ్చి, అక్కడి నుంచి 12 పలకలు, అంటే రెండు చుట్లు దించితే మొదలుపెట్టడానికి చాలు. ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. రెండు కార్బురేటర్లను కలిపే స్పిండిల్ క్లాంపులు వదులు చేసి, ఒక్కో దానికి విడిగా స్లో స్క్రూ తిప్పండి. సన్నటి రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండో చివర కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి వింటే రెండిట్లోనూ గాలి ఈల ఒకేలా ఉండాలి. స్లో 800 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. అప్పుడు ఒక కార్బురేటర్ పిస్టన్‌ను పక్కనున్న పిన్నుతో 0.8 మి.మీ. మాత్రమే లేపండి. వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), నట్టు పైకి తిప్పాలి. వేగం పడిపోతే లేదా ఇంజిన్ ఆగబోతే లీన్ (పెట్రోలు తక్కువ), కిందికి తిప్పాలి. ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ పాత వేగానికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఒకసారికి ఒక్క పలకే, తిప్పిన ప్రతిసారీ జెట్‌ను పైకి నొక్కి చూడాలి. ఒకటి సరిచేస్తే రెండోది కొంచెం కదులుతుంది కాబట్టి ఇటూ అటూ రెండు మూడుసార్లు తిరగాలి. తర్వాతి హెచ్‌ఐఎఫ్4 రకానికి పక్కన స్క్రూ ఉంటుంది, కుడివైపు తిప్పితే రిచ్ అవుతుంది. క్లాంపులు బిగించాక మళ్లీ ఒకసారి వినండి, బిగించేటప్పుడు ఒకటి కదలడం మామూలే.

అప్‌గ్రేడ్లు, విలువ వరుసలో

మొదటిది హెడ్‌లైట్ రిలేలు. మూల వైరింగులో దీపాల కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చి గుండా, డిప్ స్విచ్చి గుండా పోతుంది. దీపం దగ్గర 12 వోల్టులు రావాల్సిన చోట 10.5 వస్తే వెలుగు మూడో వంతుకు పైగా పోతుంది. హై బీమ్‌కు ఒకటి, లో బీమ్‌కు ఒకటి 30 ఆంపియర్ల రిలేలు పెట్టి, స్టార్టర్ సోలినాయిడ్ దగ్గరి బ్రౌన్ నుంచి చెరో 15 ఆంపియర్ల ఫ్యూజుతో 2.5 చదరపు మి.మీ. వైరు లాగండి. పాత స్విచ్చి రిలేను మాత్రమే నడుపుతుంది, దాని ఆయుష్షూ పెరుగుతుంది.

రెండోది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. ఇప్పుడు దొరికే కండెన్సర్లలో నాసివి ఎక్కువ కాబట్టి ఇది పనికొచ్చే మార్పే. కొనే ముందు కాయిల్ ప్రైమరీని మల్టీమీటర్‌తో కొలవండి. 3 ఓమ్‌ల దగ్గరుంటే మామూలు 12 వోల్టుల కాయిల్, 1.5 దగ్గరుంటే బ్యాలస్ట్ వైరుతో (వోల్టేజి తగ్గించే వైరుతో) నడిచేది. 1974 చివర్నుంచి వచ్చిన రబ్బరు బంపర్ కార్లలో రెండోదే ఎక్కువ. ఈ రెండూ కలగలిపితే మాడ్యూలో కాయిలో వేడెక్కి చస్తుంది. పాయింట్ల ప్లేటును, ఒక మంచి కండెన్సర్‌ను టూల్ సంచిలోనే ఉంచుకోండి.

సస్పెన్షన్‌లో ముందు కింది ఆర్ముల బుష్‌లు మార్చడమే అన్నిటికంటే తేడా చూపేది. ఎంజీబీ జీటీ వీ8 కోసం వచ్చిన ఒకే ముక్క బుష్‌లు మామూలు వాటికంటే చాలాకాలం మన్నుతాయి. వాటి నట్లను మాత్రం కారు బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరుగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. 1974 చివర్నుంచి 1976 దాకా వచ్చిన రోడ్‌స్టర్లకు ముందు యాంటీ రోల్ బార్ లేదు, ఎత్తూ పెరిగింది. ఆ కార్లకు ముందు బార్ వేస్తే మలుపుల్లో ఒరగడం బాగా తగ్గుతుంది. లీవర్ ఆర్మ్ షాకబ్సర్లను తీసి టెలిస్కోపిక్‌వి వేయాలన్న తొందర వద్దు. ముందువి షాకబ్సర్లే కాదు, సస్పెన్షన్ పై ఆర్ములు కూడా అవే. కారకుండా, ఆయిల్ నిండుగా ఉన్న లీవర్ ఆర్మ్ బాగానే పనిచేస్తుంది.

హెడ్ ఎప్పుడైనా దించాల్సి వస్తే అప్పుడే గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించండి. లెడ్ లేని పెట్రోలుతో పాత సీట్లు మెల్లగా లోపలికి కుంగుతాయి. ట్యాపెట్ క్లియరెన్స్ సర్దిన ప్రతిసారీ ఎంత తగ్గిందో ఒక పుస్తకంలో రాస్తే ఆ కుంగుబాటు ముందే తెలుస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వుల్లో 15 థౌ కొన్ని వేల కిలోమీటర్లలోనే 10కి వస్తుంటే హెడ్‌కు టైమొచ్చింది. రాకపోతే ఇంకొన్నేళ్లు అలాగే నడపొచ్చు. పవరు పెంచే క్యామ్‌షాఫ్టు, పెద్ద కార్బురేటర్లు ఆ హెడ్ పని తర్వాతే ఆలోచించాలి.

పనులన్నీ అయ్యాక 150 కిలోమీటర్లు తిరిగి వచ్చి చక్రాల స్పిన్నర్లు, కాలిపర్ బోల్టులు, పైపు క్లిప్పులు మళ్లీ చూసి బిగించండి. బ్రేకు రిజర్వాయర్ మట్టం చూడండి. నాలుగు హబ్బుల మీదా చేయి పెట్టి చూడండి. ముందు రెండింటిలో ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే గొట్టం పరీక్షకు మళ్లీ వెళ్లాలి.